లోన్ చేతికి రాకముందే ఫీజు కట్టమంటే కట్టాలా?

ప్రశ్న: నమస్తే అండి. మాది భీమవరం దగ్గర ఒక ఊరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో పని ఎక్కువై ఒక్కదాన్నే అందుకోలేకపోతున్నాను. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొందామని మూడు లక్షల లోన్ కోసం ఫోన్‌లో వెతికాను. మర్నాడే ఒకాయన ఫోన్ చేసి, పేరున్న ఫైనాన్స్ కంపెనీ నుంచి అని చెప్పి, ఆధార్, పాన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ వాట్సాప్‌లో పెట్టమన్నాడు. రెండు గంటల్లో శాంక్షన్ లెటర్ వచ్చేసింది. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 2,950 అంటే ఫోన్‌పే చేశాను. ఇప్పుడు ఇన్సూరెన్స్ కింద 7,400 కడితే సాయంత్రానికల్లా డబ్బు పడుతుంది, ఆ 7,400 కూడా వెనక్కి వస్తుంది అంటున్నాడు. మా వారు ఇది మోసం అంటున్నారు. మా ఆడపడుచు మాత్రం తనకు బ్యాంకులో కూడా ప్రాసెసింగ్ ఫీజు పట్టుకున్నారు, అది మామూలే అంటోంది. ఎవరి మాట నిజం? అప్పు ఇచ్చేవాళ్లు నిజంగా ముందే ఫీజు తీసుకుంటారా? లెటర్ ఫోటో కూడా పంపిస్తున్నాను. పేరు వేయకండి.
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు ఆ 7,400 కట్టకండి. ఇది చదవడం మధ్యలో ఆపి అయినా సరే, 1930కి ఫోన్ చేసి 2,950 పోయిన సంగతి చెప్పండి. అది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ పెట్టిన హెల్ప్‌లైన్. మీరు డబ్బు పంపిన టైము, యూపీఐ లావాదేవీ నంబరు అడుగుతారు, దగ్గర పెట్టుకోండి. చిన్న మొత్తమే కదా అని ఊరుకోవద్దు. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి మారిపోకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి. కోపంతో ఆయన్ని బ్లాక్ చేసినా పరవాలేదు గానీ, ముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీ వారు చెప్పింది నిజం. మీ ఆడపడుచు చెప్పింది కూడా నిజమే. ఇలాంటి మోసగాళ్లు బతుకుతున్నదే ఈ రెండు నిజాల మధ్య ఉన్న సందులో.

అప్పు ఇచ్చే సంస్థలు ఫీజు తీసుకుంటాయి. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), హోమ్ లోన్ కంపెనీలు అన్నీ తీసుకుంటాయి, అది చట్టబద్ధమే. పర్సనల్ లోన్ అయితే అప్పు మొత్తంలో ఒకటి నుంచి మూడు శాతం దాకా మామూలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఇంటి లోన్‌కు శాతం తక్కువ, అర శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పండగల టైములో కొన్ని బ్యాంకులు పూర్తిగా మాఫీ చేస్తాయి కూడా. ఈ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అప్పు మీద కట్టే వడ్డీకి జీఎస్టీ ఉండదు. ఎవరైనా లోన్ మొత్తం మీదో, వడ్డీ మీదో జీఎస్టీ కట్టమన్నారంటే అక్కడే అబద్ధం బయటపడినట్టు.

అయితే ఆ ఫీజు ఏ దారిలో తీసుకుంటారన్నది చూడండి. మీ ఆడపడుచును ఒక్క మాట అడగండి: "ఆ ఫీజు నువ్వు ముందు చేత్తో కట్టావా, లోన్ డబ్బులోంచి పట్టుకున్నారా?" పట్టుకున్నారనే అంటుంది. ఆవిడ మీతో అన్న మాట కూడా అదే కదా, "పట్టుకున్నారు" అని. లక్ష రూపాయల లోన్ శాంక్షన్ అయితే ఖాతాలో 97 వేల చిల్లర పడుతుంది. తగ్గిన మొత్తమే ఫీజు, దాని మీద జీఎస్టీ. అంటే మీ చేతిలోంచి రూపాయి కదలదు, మీకు రావాల్సిన దాంట్లో కోత పడుతుంది. మీకు ఫోన్ చేసినాయన దగ్గర కోత పెట్టడానికి అప్పే లేదు. అందుకే మీ జేబులోంచి అడుగుతున్నాడు.

"మూడు లక్షలు ఇచ్చేవాళ్లు అందులోంచే 2,950 పట్టుకుని మిగతాది వేయొచ్చు కదా?" అని ఆయన్ని అడిగి చూడండి. ఇలా అడిగినవాళ్లకు వాళ్లు చెప్పే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. సిస్టమ్ ఒప్పుకోదు, ఆర్బీఐ రూల్, మీ సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరును బట్టి ఇచ్చే మార్కులు) తక్కువగా ఉంది కాబట్టి, ఇది సెక్యూరిటీ డిపాజిట్. వీటిలో ఏదీ నిజం కాదు.

మీరు పంపిన లెటర్ ఫోటో శ్రద్ధగా చూశాను. పైన ఎడమ వైపు కంపెనీ లోగో, కుడి వైపు రిజర్వ్ బ్యాంక్ ముద్ర లాంటిది, కింద నీలం రంగు రబ్బరు స్టాంపు, సంతకం. వడ్డీ 5 శాతం, మూడేళ్లు, ఈఎంఐ 8,991. లెక్క వేసి చూశాను, సరిగ్గానే ఉంది. 2,500 మీద జీఎస్టీ 450, అదీ సరిగ్గానే ఉంది. మీలాంటి జాగ్రత్తపరులు క్యాలిక్యులేటర్ తీసి చూస్తారని వాళ్లకు తెలుసు. లెక్క సరిపోయేసరికి లెటర్ మీద నమ్మకం కుదిరిపోతుంది. ఆ లెటర్‌లో ఉన్నవాటి కంటే లేనివి చూడండి. మీ ఆదాయం ఎంత, ఇంకెక్కడైనా అప్పులున్నాయా అని ఎవరూ అడగలేదు. ఖాతా స్టేట్‌మెంట్ అడగలేదు. తాకట్టు లేకుండా, ఆదాయం చూడకుండా మూడు లక్షలు 5 శాతానికి ఇచ్చే ఫైనాన్స్ కంపెనీ ఎక్కడా లేదు. మామూలు పర్సనల్ లోన్ వడ్డీ అంతకు రెండింతలకు పైనే ఉంటుంది. పైగా రిజర్వ్ బ్యాంకు ఏ మనిషి లోన్‌నూ అప్రూవ్ చేయదు, ఎవరి శాంక్షన్ లెటర్ మీదా ముద్ర వేయదు. ఆ ముద్ర ఒక్కటి చాలు ఆ కాగితం దొంగదని చెప్పడానికి.

ఇంకొకటి. మీరు డబ్బు పంపినప్పుడు ఫోన్‌లో వచ్చిన పేరు కంపెనీది కాదు, ఒక మనిషిది. స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తోంది. నిజమైన సంస్థ మీ దగ్గర ఏ ఫీజు తీసుకున్నా అది సంస్థ పేరున్న ఖాతాలోకే వెళ్తుంది, దానికి రసీదు వస్తుంది. "మా అకౌంట్స్ మేనేజర్ నంబరు, దీనికి వేయండి" అన్నారంటే అక్కడే ఆగిపోవాలి.

కంపెనీ పేరు నిజమైనదే కదా, రిజర్వ్ బ్యాంకు లిస్టులో కూడా ఉంది కదా అనే సందేహం మీకు వచ్చే ఉంటుంది. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా మోసపోతున్నారు. పేరు నిజమైనదే. ఫోన్ చేసినవాడే ఆ కంపెనీవాడు కాదు. లిస్టులో పేరు ఉందని చూసుకుంటే సరిపోదు, మీతో మాట్లాడుతున్న మనిషి ఆ కంపెనీ మనిషేనా అన్నది తేలాలి. దానికి భీమవరంలో ఆ కంపెనీ బ్రాంచికి వెళ్లి ఆ లెటర్ నంబరు చూపించి అడగడం ఒక్కటే గట్టి దారి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయకండి. అలాంటి దొంగ నంబర్లు కూడా అక్కడ పెట్టి ఉంచుతారు.

7,400 కట్టాక ఏం జరుగుతుందో కూడా చెబుతాను. డబ్బు పడదు. సాయంత్రం ఫోన్ వస్తుంది, ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది, ఫైలు హోల్డ్‌లో ఉంది, సరిచేయడానికి ఇంత అని. తర్వాత ఎన్‌ఓసీ. తర్వాత టీడీఎస్. ప్రతిసారీ అడిగే మొత్తం కాస్త పెరుగుతుంది, ప్రతిసారీ "ఇది రిఫండబుల్" అంటారు. మనిషి మనసు ఇక్కడ ఎలా పనిచేస్తుందంటే, మొదట కట్టింది పోతుందేమోనన్న భయంతో రెండోది కడతాం, ఆ రెండూ పోతాయని మూడోది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ మొదటి మెట్టు మీద ఉన్నారు. 2,950తో ఆగిపోవడమే మీకు లాభం. కట్టనంటే కొందరు బెదిరిస్తారు కూడా: లోన్ క్యాన్సిల్ ఛార్జీ కట్టాలని, లీగల్ నోటీసు పంపుతామని, పోలీసులు వస్తారని. మీ ఖాతాలో రూపాయి పడలేదు కాబట్టి మీరు ఎవరికీ రూపాయి బాకీ లేరు. భయపడకండి.

అలాగని నిజమైన సంస్థలు ఎప్పుడూ చేతి డబ్బు అడగవని చెబితే అదీ తప్పవుతుంది. ఇంటి లోన్‌లో అడుగుతాయి. అప్లికేషన్ ఇచ్చేటప్పుడే లాగిన్ ఫీజు అని కొంత తీసుకునే కంపెనీలున్నాయి. లాయర్ దగ్గర లీగల్ ఒపీనియన్, ఇంజినీర్ చేత వాల్యుయేషన్, ఈసీ (ఆస్తి మీద వేరే తనఖాలు ఉన్నాయా లేదా చూపే కాగితం) తీయించడం, తనఖా కాగితాల స్టాంపు డ్యూటీ, ఇవన్నీ లోన్ రాకముందే మన ఖర్చు. బంగారం లోన్‌కు వెళ్తే నగ తూకం వేసి నాణ్యం చూసే అప్రైజర్ ఛార్జీ ఉంటుంది. ఇవన్నీ ఆఫీసులో మనిషి ఎదురుగా, రసీదుతో జరిగే పనులు. వీటిలో మోసం లేదు గానీ నష్టం ఉండొచ్చు. లోన్ రిజెక్ట్ అయితే లాగిన్ ఫీజు చాలామంది వెనక్కి ఇవ్వరు. రిజర్వ్ బ్యాంకు ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ ప్రకారం ఫీజు ఎంత, లోన్ రాకపోతే అందులో ఎంత తిరిగి ఇస్తారు అన్నది అప్లికేషన్ ఫారంలోనే రాసి ఉండాలి. కాబట్టి డబ్బు ఇచ్చే ముందు "లోన్ రాకపోతే ఇందులో ఎంత వెనక్కి ఇస్తారు? ఎక్కడ రాసుంది?" అని అడగడం మన హక్కు. మొహమాటపడేది ఏమీ లేదు.

మీలాగా మిషను కొనేవాళ్లు మార్జిన్ మనీ గురించి కూడా తెలుసుకోవాలి. మిషను ధర మొత్తం బ్యాంకు ఇవ్వదు, కొంత భాగం మీరు పెట్టుకోవాలంటుంది. ఇది ఫీజు కాదు, మీ మిషను ధరలోనే మీ వాటా. బ్యాంకు తన వాటాను మామూలుగా నేరుగా డీలరుకే చెల్లిస్తుంది. మీ వాటా కూడా డీలరుకో, మీ ఖాతాలోకో వెళ్తుంది తప్ప మధ్యలో ఏ ఏజెంటు చేతికీ వెళ్లదు.

ఇంతవరకు మోసం సంగతి. నిజమైన ఫీజు సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే మన ఊళ్లలో మోసపోయిన డబ్బు కంటే, తెలియక కట్టిన ఫీజుల డబ్బే ఎక్కువేమో అని నాకు అనిపిస్తుంది. లోన్ అడిగేటప్పుడు మనం వడ్డీ ఎంత, ఈఎంఐ ఎంత అని అడుగుతాం. చేతికి ఎంత వస్తుందని అడగం.

మీ మూడు లక్షలే తీసుకుందాం. 14 శాతం వడ్డీకి, మూడేళ్లకు అయితే ఈఎంఐ 10,253. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం అంటే 6,000, జీఎస్టీతో 7,080. చేతికి వచ్చేది 2,92,920. కానీ ఈఎంఐ మాత్రం మూడు లక్షల మీదే కడతారు. ఆ లెక్కన మీకు నిజంగా పడే వడ్డీ 14 కాదు, 15.7 శాతం. దాంట్లో ఇన్సూరెన్స్ అని ఇంకో 5,000 కోస్తే 16.9 శాతం. మన ఊళ్లలో నూటికి నెలకు ఎంత అని లెక్కేస్తాం కదా, ఆ లెక్కలో రూపాయి పదహారు పైసలు అనుకున్నది రూపాయి నలభై పైసలు అయింది. అదే 14 శాతం, అదే 7,080 ఫీజు, కానీ అప్పు ఏడాదికే తీసుకున్నారనుకోండి. అప్పుడు అసలు వడ్డీ 18.6 శాతం దాకా పోతుంది. ఫీజు ఒక్కసారే పడేది కాబట్టి, అప్పు ఎంత తక్కువ కాలానికైతే అది అంత బరువు. సీజన్ అయిపోగానే తీర్చేద్దాంలే అనుకుని అప్పు తీసుకునేవాళ్లు, వడ్డీ అర శాతం ఎక్కువైనా సరే ఫీజు తక్కువ ఉన్న చోట తీసుకోవడం మేలు.

ముందే కోసుకోవడం మనకు కొత్త కాదు. బజారులో రోజువారీ ఫైనాన్స్ తీసుకునేవాళ్లను అడగండి. పదివేలు అని రాసి తొమ్మిదివేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా, పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ మర్నాటి నుంచే తీరుస్తూ వస్తున్నారు, తొమ్మిదివేలూ మీ దగ్గర వంద రోజులూ ఉండదు. లెక్క గడితే అది ఏడాదికి 77 శాతం పైన, అంటే నూటికి నెలకు ఆరు రూపాయలు దాటిన వడ్డీ. కూరగాయల బండి మీదో, టిఫిన్ బండి మీదో బతికే ఆడవాళ్లు ఇది ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు. ఇది తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్లలో చాలామంది పొదుపు సంఘంలో సభ్యులే, చాలా తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకునే వీలున్నవాళ్లే.

ఫోన్ యాప్‌లు ఈ కోతనే ఇంకా దారుణం చేశాయి. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వాళ్లను అరెస్టు చేసినప్పుడు బయటపడిన సంగతులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వారం గడువుకు అప్పు, అందులో పెద్ద ముక్క ముందే కోత, కట్టలేకపోతే ఫోన్‌లో ఉన్న బంధువులందరికీ మెసేజ్‌లు. ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ గొడవల తర్వాతే రిజర్వ్ బ్యాంకు కమిటీ వేసి, 2022 సెప్టెంబరులో డిజిటల్ లోన్లకు నిబంధనలు పెట్టింది, 2025లో వాటిని ఇంకా గట్టి చేసింది. అప్పు డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి, మధ్యలో యాప్ వాడి ఖాతా ద్వారా రాకూడదు. యాప్‌కు ఇవ్వాల్సిన కమీషన్ అప్పిచ్చే సంస్థే ఇచ్చుకోవాలి, మీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. తీసుకున్నాక మనసు మారితే కనీసం ఒక రోజు గడువు ఉంటుంది, ఆలోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. అయితే ముందే రాసి చూపించిన ప్రాసెసింగ్ ఫీజును మాత్రం వాళ్లు ఉంచుకోవచ్చు. సంస్థలు తమతో పనిచేస్తున్న యాప్‌ల పేర్లను రిజర్వ్ బ్యాంకుకు ఇవ్వాలి, ఆ లిస్టు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

మీకు అన్నిటికంటే పనికొచ్చే కాగితం ఇంకొకటుంది. పేరు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, బ్యాంకుల్లో కేఎఫ్‌ఎస్ అంటారు. 2024 అక్టోబరు 1 తర్వాత శాంక్షన్ అయ్యే పర్సనల్, ఇల్లు, బండి లాంటి రిటైల్ లోన్లకూ, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకూ ఇది ఇవ్వడం తప్పనిసరి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏ ఫీజు ఎంత, ఇన్సూరెన్స్ ఎంత, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. ఆ చివరి అంకెనే ఏపీఆర్ అంటారు. ఇందాక నేను వేసిన 15.7, 16.9 లెక్క అదే. ఆ కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది, కాబట్టి తెలుగులో అడగండి. తీర్చే గడువు ఏడు రోజులు గానీ, అంతకు మించి గానీ ఉన్న లోన్లకు, ఆ కాగితం ఇచ్చాక కనీసం మూడు పనిదినాల పాటు ఆ షరతులకు సంస్థ కట్టుబడి ఉండాలి. "ఇవాళ సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అని తొందరపెట్టే ఉద్యోగికి ఈ మాట చెప్పండి. ఇంటికి తెచ్చుకుని, మీ వారితో కలిసి చదివి, మర్నాడు వెళ్లి సంతకం పెట్టొచ్చు. అందులో లేని ఫీజును తర్వాత మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వసూలు చేయడానికి వీల్లేదు.

ఇద్దరు ముగ్గురి దగ్గర కేఎఫ్‌ఎస్ తీసుకుని ఏపీఆర్ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వడ్డీ తక్కువ అన్నవాడి దగ్గరే ఒక్కోసారి ఈ అంకె ఎక్కువ ఉంటుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టడం నిజమైన బ్యాంకుల్లోనూ జరుగుతుంది. అప్పుకు ఇన్సూరెన్స్ ఉంటే కుటుంబానికి మంచిదే, ఆ మాట నేనూ అంటాను. కానీ వాళ్లు చూపించిన పాలసీయే తీసుకోవాలని, తీసుకుంటేనే లోన్ అని బలవంతం చేయడానికి లేదు. వద్దనుకున్నా సంతకం పెట్టేశారా? జీవిత బీమా పాలసీకి కాగితం అందినప్పటి నుంచి 30 రోజుల ఫ్రీలుక్ గడువు ఉంటుంది, ఆలోపు రాసిస్తే చిన్నపాటి ఖర్చులు పోను ప్రీమియం వెనక్కి వస్తుంది.

ఏజెంట్ల గురించి కూడా ఒక మాట. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు డీఎస్‌ఏలు అనే ఏజెంట్లు నిజంగానే ఉంటారు. వాళ్లకు కమీషన్ ఇచ్చేది బ్యాంకు. "లోన్ నేను ఇప్పిస్తాను, నాకు రెండు శాతం ఇవ్వండి" అనేవాడికి మీరు ఇవ్వక్కర్లేదు. ఫీజు బ్యాంకుకు, కమీషన్ ఏజెంటుకు అని రెండు చోట్లా కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక మీ మిషను. ఫోన్‌లో లోన్ వెతకడం మానేసి, మీకు ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచికి వెళ్లండి. డీలరు దగ్గర మిషను కొటేషన్ తీసుకోండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి, దానికి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒక్క రూపాయి ఫీజు లేదు. నెట్ సెంటర్ అబ్బాయి తన పనికి కొంచెం తీసుకుంటే అది వేరు. బ్రాంచిలో ముద్ర లోన్ కావాలని అడగండి, అది చిన్న వ్యాపారాలకు అప్పు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం. 50 వేల వరకు శిశు, అక్కడి నుంచి ఐదు లక్షల వరకు కిశోర్. మీ మూడు లక్షలు కిశోర్‌లోకి వస్తాయి. తాకట్టు అడగకూడదు. శిశు లోన్లకు చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు తీసుకోవు, కిశోర్‌కు కొన్ని తీసుకుంటాయి, కొన్ని మాఫీ చేస్తాయి, అడగండి. ముద్ర పేరుతో కూడా వాట్సాప్‌లో దొంగ అప్రూవల్ లెటర్లు తిరుగుతున్నాయి. ముద్రకు ఏజెంట్లు లేరు, ముద్ర సంస్థ నేరుగా ఎవరికీ అప్పు ఇవ్వదు, బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల ద్వారానే వస్తుంది.

దర్జీ పని పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో ఒకటి. మొదటి విడత లక్ష వరకు, అది సక్రమంగా తీర్చాక రెండో విడత రెండు లక్షల వరకు, 5 శాతం వడ్డీకే ఇస్తారు. మీకు కనిపించిన ఆ దొంగ లెటర్‌లోని 5 శాతం నిజంగా ఉన్నది ఇక్కడ, ఎందుకంటే మిగతా వడ్డీలో కొంత భాగం కేంద్ర ప్రభుత్వం కడుతుంది. రోజుకు 500 స్టైపెండ్‌తో శిక్షణ, పనిముట్లకు 15,000 కూడా ఉన్నాయి. అప్లికేషన్ కామన్ సర్వీస్ సెంటర్‌లో పెట్టాలి, పంచాయతీలో పరిశీలన జరుగుతుంది, ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. ముద్ర తీసుకుని అది తీరకుండా ఉంటే దీనికి అర్హత ఉండదు కాబట్టి, రెండిట్లో ఏది ముందో ఆలోచించి ఎంచుకోండి. వెంటనే పెద్ద మిషనే కావాలంటే ముద్ర, కాస్త చిన్న మిషనుతో మొదలుపెట్టగలిగితే విశ్వకర్మ అని నా ఉద్దేశం. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే, సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధి గురించి కూడా మీ సంఘం లీడర్‌ను అడగండి.

మీ ఇంట్లో పొలం ఉంటే ఇది కూడా తెలిసి ఉండాలి: కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు తీసుకునే పంట రుణానికి ప్రాసెసింగ్, ఇన్‌స్పెక్షన్ ఛార్జీలు తీసుకోవద్దని 2019లోనే బ్యాంకులకు వాటి సంఘం సూచించింది. ప్రాధాన్యతా రంగంలో (వ్యవసాయం, చిన్న వ్యాపారాల లాంటివి) 50 వేల లోపు లోన్లకు ఇలాంటి ఛార్జీలే ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఎవరైనా పట్టుకున్నారనిపిస్తే బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

చివరగా మీరు ఇచ్చేసిన కాగితాల సంగతి. ఆధార్, పాన్, పాస్‌బుక్ పేజీ వాళ్ల చేతిలో ఉన్నాయి. మీ బ్యాంకుకు వెళ్లి జరిగింది చెప్పండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, మళ్లీ వేలిముద్ర అవసరమైనప్పుడు తీసేసుకోవచ్చు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఫోటో గానీ, చెక్కు గానీ ఇచ్చి ఉంటే దాన్ని స్టాప్ చేయించండి. వాళ్లు చెప్పిన యాప్ ఏదైనా ఫోన్‌లో వేసుకుని ఉంటే తీసేసి, బ్యాంకు పిన్‌లు మార్చండి. రెండు నెలలు ఆగి మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి, మీ పేరు మీద మీకు తెలియని అప్పు ఏదైనా ఉందేమో తెలుస్తుంది. ప్రతి క్రెడిట్ బ్యూరో (మన అప్పుల వివరాలు నమోదు చేసి ఉంచే సంస్థ) ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, దానికోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు. 1930లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు జాగ్రత్తగా రాసి పెట్టుకోండి, రేపు మీ పాన్‌తో ఎవరైనా అప్పు తీసుకుంటే అది నేను కాదని చూపించడానికి అదే మీకు ఆధారం.